కదిలిన ప్లేటు

అల్వాల్, సికింద్రాబాద్
18 జూన్ 2000

మావయ్యా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మీ వీధి చివర ఎస్టీడీ బూత్ వాడికి మాత్రం మన ఇంటి సంగతులన్నీ స్పష్టంగా వినపడతాయి. అందుకే ఉత్తరం. మామూలుగా అయితే ముందు వానల గురించీ నీ మోకాలి గురించీ అడిగేదాన్ని. ఇవాళ ఆగలేను. అమ్మ ఫోటో నెగటివ్ దొరికింది.

మొదటినుంచీ చెప్తాను. లాల్ బజార్‌లో వెంకటరత్నం స్టూడియో నీకు తెలుసు కదా. ఆయన పోయి పదేళ్ళయింది. ఈ వేసవిలో ఆ మేడ పడగొట్టేశారు, అక్కడ కంప్యూటర్ కోర్సులు నేర్పే సంస్థ కడుతున్నారు. ఇప్పుడు ఈ ఊళ్ళో ఏ గోడ కూలినా దాని వెనక కంప్యూటరే ఉంటుంది. స్టూడియోలో మిగిలిన గాజు నెగటివులన్నీ, మూడు వేల పైచిలుకు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు పెట్టిన ట్రస్టుకి ఇచ్చారు. తిరుమలగిరిలో పాత బంగళా ఒకటి తీసుకుని, కంటోన్మెంట్ పాత ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. పన్నెండేళ్ళు బడి లైబ్రరీ నడిపినావిడ ఫోటోలు మాత్రం సర్దలేదా అని నన్ను తీసుకున్నారు.

పని నాకు నచ్చింది. చేతికి నూలు తొడుగులు వేసుకుని ప్లేటుని అంచులతో పట్టుకోవాలి. ఒక వైపు గాజు మెరుస్తుంది, రెండో వైపు మసకగా ఉంటుంది. బొమ్మ ఉండేది ఆ మసక పూతలో. వేలు తగిలితే అంతే సంగతులు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, కాగితం కవర్లో పెట్టి, పుస్తకాల్లా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కింది ప్లేట్లు పగులుతాయి. తర్వాత స్టూడియో రిజిస్టర్ చూసి నంబరూ పేరూ కంప్యూటర్‌లో ఎక్కించాలి. అది నా బాధ్యత.

పోయిన సోమవారం 1147 నంబరు ప్లేటు స్కాన్ చేశాం. నెగటివ్‌లో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది కాబట్టి ముందు పోల్చుకోలేదు. తెర మీద తిరగేసి చూపించేసరికి మన హాల్లో గోడ మీదున్న అమ్మ! అదే బొట్టు, అదే ముక్కుపుడక, ఎడమవైపు తీసిన అదే పాపిడి. నేను పెద్దగా ఏడ్చానట. పక్క గదిలోంచి మేనేజర్ ఎరిక్ గారు పరిగెత్తుకొచ్చారు.

అయితే ఒక తిరకాసు. రిజిస్టర్లో 1147 ఎదురుగా 'ప్రిసిల్లా, నర్సు, డిసెంబర్ 1961' అని ఉంది. అమ్మ పేరు ఇంకా కిందికి, 1183 దగ్గర, జనవరి 1962లో ఉంది. పక్కన ఎర్ర సిరాతో చిన్న సున్నా చుట్టారు, అదేమిటో తెలియలేదు. ఆ నంబరు ప్లేటు పెట్టెలో లేదు. అంటే వెంకటరత్నం గారు రెండు నంబర్లు తారుమారు చేశారన్నమాట. నేనే సరిదిద్దాను. కంప్యూటర్‌లో 1147కి 'అప్పలలక్ష్మి' అని రాసి, ప్రిసిల్లా పేరు దగ్గర 'ప్లేటు దొరకలేదు' అని పెట్టాను. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మా అమ్మ పేరు నా చేత్తో రాశాను మావయ్యా. ఆ పూట నా అంత గొప్పది లేదు.

పెద్ద సైజులో కొత్త ప్రింటు వేయిస్తాను. ఆ చీర ఏ రంగుది? స్టూడియోకి ఎవరు తీసుకెళ్ళారు? నాకప్పుడు ఎనిమిది నెలలు, నన్ను ఎవరి దగ్గర వదిలింది? నాన్నని ఎప్పుడడిగినా 'మీ మావయ్యకి తెలుసు' అనేవాడు. ఆ స్టూడియో పేరు వింటే నాకు ఇంకోటి కూడా గుర్తొస్తుంది. నాకు నాలుగేళ్ళప్పుడు ఆ బజారులోనే నువ్వు నన్ను చెంప మీద కొట్టావు. నా జన్మలో నువ్వు కొట్టింది ఆ ఒక్కసారే. ఎందుకో ఇప్పటికీ తెలియదు. దానికి కూడా జవాబు రాయి.

నీ
దేవిక


విజయనగరం
2 జూలై 2000

చి.సౌ. దేవికకు,

నీ ఉత్తరం చేరింది. నేను బాగానే ఉన్నాను. చెవులు పోయాక లోకం చాలా మర్యాదగా కనిపిస్తోంది, ఎవడు తిడుతున్నాడో తెలియదు కదా. మోకాలు మాత్రం వానకి ముందే చెప్పేస్తోంది. మీ ఆయన సూరికి ఉద్యోగం ఎలా ఉంది? వాళ్ళ ఆఫీసులో కూడా అందర్నీ కంప్యూటర్ నేర్చుకోమంటున్నారా? నేర్చుకోమను, చెడిపోయేది లేదు.

ఫోటో సంగతి. కొండని తవ్వి ఎలకని పట్టినట్టు, ఇంట్లో నిక్షేపంలా ఉన్న ఫోటోకి ఇప్పుడు నెగటివ్ దేనికి? కొత్త ప్రింటు వద్దు. పోయినవాళ్ళ ఫోటో రెండోసారి కడిగించకూడదని మా అమ్మ చెప్పేది. మీ నాన్న వేలాడదీసిన మేకు మీద అది అలాగే ఉండనీ.

ఆ రిజిస్టర్లో నువ్వు దిద్దుళ్ళు చేయడం కూడా నాకు నచ్చలేదు. ఉద్యోగం కొత్త. ఎవరి కాగితం ఎలా ఉందో అలాగే ఉంచాలి. చీర రంగు నాకు గుర్తులేదు, నలభై ఏళ్ళ కిందటి మాట. చిన్నపిల్లలన్నాక పెద్దవాళ్ళు ఒక దెబ్బ వేస్తారు, దానికి పంచాయితీ ఏమిటి?

పనసతొనలు ఎండబెట్టించాను. మన ఊరివాళ్ళు ఎవరైనా అటు వస్తే పంపుతాను.

ఆశీస్సులతో
మీ మావయ్య వరహాలు


అల్వాల్
20 జూలై 2000

మావయ్యా,

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. పోయినవాళ్ళ ఫోటో రెండోసారి కడిగించకూడదని ఏ శాస్త్రంలో ఉందో మా పంతులు గారికి తెలియదట. మన వైపు ఆచారమేమో అని కూడా అడిగాను, నవ్వారు.

నవ్వే పరిస్థితిలో నేను లేను. నెమ్మదిగా చదువు.

పోయిన గురువారం ఒకావిడ వచ్చింది. పేరు ఆలిస్, నేరేడ్‌మెట్‌లో టీచరు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. వెంకటరత్నం స్టూడియో ప్లేట్లు మా దగ్గరున్నాయని పేపర్లో చూసిందట. బైబిల్లోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది. స్టూడియో చీటీ, పసుపు రంగుకి తిరిగిపోయింది. నంబరు 1147. పేరు ప్రిసిల్లా.

వాళ్ళమ్మ నర్సు. ఆలిస్‌కి ఆరేళ్ళప్పుడు పోయింది. ఒకే ఒక్క మంచి ఫోటో ఉండేదట, ఇల్లు ఉరిసి గోడకి చెమ్మ పట్టి, చెదలు తినేశాయి. ఇంకొకటి ముప్పైమంది నర్సులు వరసగా నిలబడ్డది, అందులో ముఖం శనగగింజంత. "ఫేస్ గుర్తు లేదండీ నాకు. చెయ్యి గుర్తుంది, ఆసుపత్రి వాసన గుర్తుంది," అంది.

నేనేం చేశానో చెప్పనా? కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పి, ప్రిసిల్లా పేరు వెతికి చూపించాను. 'ప్లేటు దొరకలేదు' అని వచ్చింది. రాసింది నేనే. నంబర్లు తారుమారయ్యాయండీ, మీ అమ్మగారిది 1183 అయ్యుండాలి, అది పోయింది అన్నాను. ఆవిడ థ్యాంక్స్ చెప్పి చీటీ మళ్ళీ బైబిల్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్కసారి 1147 చూపిస్తానని నా నోటికి రాలేదు. ఎందుకు రాలేదో ఆ రోజంతా ఆలోచించాను.

రిజిస్టర్ స్టూడియోలో ఉండేది. చీటీ మనిషి చేతికి ఇచ్చేది. నలభై ఏళ్ళు వేర్వేరు ఇళ్ళల్లో ఉన్న రెండు కాగితాలు ఒకే అబద్ధం ఎందుకు చెబుతాయి?

మర్నాడు ప్లేటు తీసి, లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు పెట్టి, భూతద్దంతో చూశాను. ఈ పనిలో అదొక పద్ధతి. పైనుంచి చూస్తే బొమ్మ కనపడుతుంది, పక్కనుంచి చూస్తే బొమ్మకి ఏం చేశారో కనపడుతుంది. ఫోటోలో నల్లగా రావాలంటే నెగటివ్‌లో అక్కడ పూత ఉండకూడదు. నుదుటి మీద బొట్టు ఉన్నచోట పూతని కత్తి మొనతో గుండ్రంగా గీకేశారు. గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముక్కుపుడక మెరుపు పైన కుంచెతో పెట్టిన రంగు చుక్క, కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఆ ఫోటో తీసినప్పుడు ఆవిడకి బొట్టు లేదు మావయ్యా. ముక్కుపుడకా లేదు.

నాన్న వాళ్ళక్క, మా పెద్దత్త, రోజూ పొద్దున ఆ ఫోటో అద్దం మీద, సరిగ్గా ఆ బొట్టు మీదే, కుంకం అద్దేది. నాకు ఊహ వచ్చినప్పటినుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ 'గడ్డం అచ్చం తల్లిదే' అన్నారు. ఆ ఫోటో చూసే నేను పాపిడి ఎడమవైపు తీసుకోవడం నేర్చుకున్నాను.

గోడ మీద ఉన్నది ఎవరు? తిప్పకుండా చెప్పు.

దేవిక


(పోస్టుకార్డు)
విజయనగరం, 29 జూలై

దేవికా,
కార్డు మీద ఇంతకన్నా రాయలేను, పోస్టుమాన్ నాకంటే ముందు చదువుతాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకు. ఆవిడకి ఏదో ఒకటి చెప్పి పంపించావు కదా, అక్కడితో వదిలెయ్. మీ నాన్న ఉంటే ఈ మాట నన్ను అడగనిచ్చేవాడు కాదు.
వరహాలు


అల్వాల్
8 ఆగస్టు 2000

మావయ్యా,

నాన్న లేడు. పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నేనే ఆయన ఫోటోకి ఫ్రేము కట్టించి ఆవిడ పక్కన పెట్టాను. ఇప్పుడు హాల్లోకి వెళ్తే ఆ రెండు ఫోటోలు చూడలేక తల దించుకుని నడుస్తున్నాను. మా ఆయన నాతో మెల్లగా మాట్లాడుతున్నాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

ఆలిస్ మళ్ళీ ఫోన్ చేసింది. పగిలిన ముక్క ఉన్నా సరే చెప్పండి మేడమ్ అంది. వెతుకుతున్నానన్నాను. అది రెండో అబద్ధం.

నెలాఖరుకి ట్రస్టు జాబితా ఖాయం చేసేస్తారు. ఆ తర్వాత 1147 ఎప్పటికీ అప్పలలక్ష్మే. నువ్వు చెప్పకపోతే నా తప్పే నిజమైపోతుంది. అలా అవ్వాలని నాలో సగానికి ఉంది కూడా, అదే నాకు భయంగా ఉంది. ఇంక నిన్ను బతిమాలను.

దేవిక


విజయనగరం
19 ఆగస్టు 2000

అమ్మా దేవికా,

మూడుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను.

గోడ మీద ఉన్నది మీ అమ్మ కాదు. నువ్వు కనిపెట్టింది నిజం. చేయించింది నేను.

అప్పుడు నేను రైల్వే గుమాస్తాని, మీ ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండేవాణ్ణి. మీ నాన్న మిలిటరీ వర్క్‌షాపులో. మీ అమ్మకి పెళ్ళయి మూడేళ్ళయినా ఒక్క ఫోటో లేదు. మన ఊళ్ళో ఫోటోగ్రాఫరు లేడు, పెళ్ళికి పిలవలేదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి నేనే తీసుకెళ్ళాను, నిన్ను ఎత్తుకుని. ముదురు ఆకుపచ్చ చీర. నాకు గుర్తులేదన్నది అబద్ధం. నిన్ను ఎవరి దగ్గరా వదల్లేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

ఆ రోజుల్లో వెంకటరత్నం కెమెరాకి చప్పుడుండేది కాదు. పైన అద్దాల కప్పులోంచి వచ్చే వెలుతురుతోనే తీసేవాడు. మూత తీసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మళ్ళీ పెట్టేవాడు. ఆ మూడు అంకెలసేపూ ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి. రెండు అనేసరికి నువ్వు ఏదో కూశావు. మీ అమ్మ నీ వైపు తిరిగింది. "కదిలిపోనాది అమ్మా, ఇంకోపాలి రండి," అన్నాడు వెంకటరత్నం, మనవైపువాడే. ప్లేటు ఇంక లేదు, వచ్చే వారం రమ్మన్నాడు.

వచ్చే వారానికి జ్వరం. పదో రోజున పోయింది.

పన్నెండో రోజుకి ఫోటో కావాలన్నాడు మీ నాన్న. స్టూడియోకి వెళ్ళాను. ఆ చెడిన ప్లేటు చూపించాడు. ముఖం ఉండాల్సిన చోట ఒక చార, పొగలాగ. నేను ఆ స్టూడియో మెట్ల మీద కూలబడి ఏడ్చాను. వెంకటరత్నం లోపలికెళ్ళి ఇంకో ప్లేటు తెచ్చాడు. నర్సమ్మగారిది, గడ్డమూ కళ్ళూ మన అమ్మాయివే అన్నాడు. అంత పోలికేమీ లేదు. కానీ లేదని చెప్పే బలం నాకు లేదు. పుణ్యస్త్రీగా పోయింది, బొట్టు లేకుండా ఎలాగన్నాను. నా కళ్ళముందే కత్తి తీసి గీకాడు. ముక్కుపుడక ఎడమవైపని నేనే చెప్పాను.

మా అమ్మ ఆ ఫోటో చూసి "పొటోలో పడితే మడిసి మారిపోతాదంట గదా," అని కొంగుతో తుడిచింది. మిగతావాళ్ళు వరసగా దండం పెట్టుకున్నారు. మీ నాన్న మాత్రం చాలాసేపు చూశాడు. మూడేళ్ళు కాపురం చేసినవాడికి తెలియదా తల్లీ? నేను వాడి ముఖం చూడలేక మేకు కొట్టే పని పెట్టుకున్నాను. నా వెనక నిలబడి నెమ్మదిగా అన్నాడు, "పిల్లకి సూసుకోడానికి ఒక మొకం ఉండాల గదా బావా." అంతే. బతికున్నన్నాళ్ళూ ఇద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నువ్వు అడిగినప్పుడల్లా నన్నడగమని పంపింది అందుకే. వాడు నీకు అబద్ధం చెప్పలేడు, నేనైతే చెప్పగలనని వాడి నమ్మకం.

ఇక ఆ దెబ్బ. నీకు నాలుగేళ్ళు. లాల్ బజార్‌లో నా వేలు పట్టుకుని నడుస్తున్నదానివి ఉన్నట్టుండి విడిపించుకుని పరిగెత్తావు. తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ కొంగు పట్టుకుని "అమ్మా" అన్నావు. ఆవిడే. నెలలు నిండిన మనిషి. బొట్టు లేకపోయినా పోల్చుకున్నావు, నీ అంత శ్రద్ధగా ఆ ఫోటోని చూసినవాళ్ళు ఇంకెవరున్నారు? ఆవిడ నిన్ను ఎత్తుకుంది. ఎవరి పాప అని చుట్టూ చూసింది. నేను ఇంట్లో దండ వేసి దీపం పెట్టిన మనిషి నా ముందు నిలబడి, నా మేనకోడల్ని ఎత్తుకుని, నన్నే అడుగుతోంది. నిన్ను లాక్కుని చెంప మీద కొట్టాను. పిల్లలు ఎవర్ని పడితే వాళ్ళని అమ్మా అంటారండీ అన్నాను. నువ్వు ఇల్లు చేరేదాకా వెనక్కి చూస్తూ ఏడ్చావు. ఆ తర్వాత రెండేళ్ళకి బదిలీ పెట్టుకుని ఈ వైపు వచ్చేశాను. ఆరోగ్యం బాగాలేక అని అందరికీ చెప్పాను.

నిజం నిప్పులాంటిదంటారు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాను. నిన్ను క్షమించమని అడగను, ఆ ఆలిస్‌ని అడుగు నా తరఫున. ఆ ఎర్ర సున్నా ఏమిటన్నావు కదా. ప్లేటు చెడితే వెంకటరత్నం అలా సున్నా చుట్టేవాడు. చెడినవన్నీ వేరే పెట్టెలో వేసేవాడు, పూత కడిగి గాజు మళ్ళీ వాడుకోవడానికి. అది ఉందో లేదో నాకు తెలియదు.

వరహాలు


అల్వాల్
12 సెప్టెంబర్ 2000

మావయ్యా,

నీ ఉత్తరం ఆఫీసుకి తెచ్చుకుని చదివాను, ఇంట్లో చదివే ధైర్యం లేక. చివరి నాలుగు వాక్యాలు చదివి లేచి పరిగెత్తాను. ఆ పెట్టె ఉంది. ఉండేది అనాలి. పగిలినవీ, మసకబారినవీ, కదిలినవీ స్కాన్ చేయడం దండగ, వెబ్‌సైట్‌లో ఎవరు చూస్తారని ఎరిక్ గారు మొదటి నెలలోనే వాటిని తీసేయమన్నారు. సరే సార్ అని సంతకం పెట్టింది నేనే. చెడిన ఫోటోల్లో ఏముంటుందనుకున్నాను.

వెనక షెడ్డులో చూస్తే లేదు. గదులు ఊడ్చే పుష్పమ్మని అడిగాను. వంటగది అటక చూపించింది. "పడేయమన్నరు మేడమ్. గాజు మీద మనుషులున్నరు గదా, చెత్తల ఎట్ల పడేస్త? జెర ఆగుదమని పైన పెట్టిన," అంది. పన్నెండేళ్ళ లైబ్రరీ అనుభవం ఉన్న నాకు రాని బుద్ధి అది.

ముందు ఆలిస్ సంగతి చెప్పాలి. ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నాను. ఆఫీసులో తెర మీద చూపిస్తే సరిపోయేది. కానీ గోడ మీద చూపించకపోతే అది మూడో అబద్ధం అయ్యేది. వచ్చింది. హాల్లోకి వచ్చి ఫోటో ముందు నిలబడింది. నీ ఉత్తరంలోని ఫోటో సంగతంతా చెప్పాను, నీ పేరుతో సహా. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. దండ వైపు చూపిస్తూ ఒకటే అడిగింది. "మా అమ్మ బతికుండగానే వేశారా ఇది?"

దీనికి జవాబు నువ్వే ఇవ్వాలి మావయ్యా. నీ దగ్గర ఉంటే రాయి.

దండ నేనే తీశాను. అద్దం మీద ఏళ్ళ తరబడి అద్దిన కుంకం పొరలా గట్టిపడిపోయింది, తడిగుడ్డతో ఎంత తుడిచినా కాస్త మిగిలింది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి, లాల్ బజార్‌లో కొంగు పట్టుకున్న పాప మీరేనా అని అడిగింది. వాళ్ళ నాన్న చెప్పేవారట. వాళ్ళమ్మ ఆ పూట అన్నం తినలేదట. తన వల్ల ఆ పిల్లకి దెబ్బ పడిందని.

మర్నాడు ఆఫీసులో ఆలిస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాం. ప్లేటు మీద రంగు చుక్క కడిగేయొచ్చు, గీకేసిన చోటు మాత్రం తిరిగి రాదు. అసలు ప్లేటుని ముట్టుకోనివ్వనన్నాను. దానికి జరిగింది దాని మీదే ఉండాలి. తెర మీద బొట్టు చెరపడం పది నిమిషాల పని అన్నారు ఎరిక్ గారు. నాకైతే చాలాసేపు పట్టినట్టనిపించింది. పక్క చర్మం కొంచెం కొంచెం తెచ్చి ఆ నల్ల చుక్క మీద పరుస్తూ వెళ్ళారు. ముందు ముక్కుపుడక పోయింది. బొట్టు అంచులు పోయాయి. నా కళ్ళముందే మా అమ్మ కాస్తా ఎవరో అయిపోయింది. ఆలిస్ మాత్రం అప్పుడు మొదటిసారి తెరకి దగ్గరగా జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా చూసింది. నాకు ఏడుపూ వచ్చింది, అసూయా వచ్చింది. రెండూ దాచుకోలేదు.

జాబితాలో 1147కి ఇప్పుడు ఇలా ఉంది: 'ప్రిసిల్లా, నర్సు. డిసెంబర్ 1961. బొట్టు, ముక్కుపుడక మరుసటి ఏడాది స్టూడియోలో చేర్చినవి. ఒక ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్ళు అప్పలలక్ష్మిగా ఉంది. 2000 జూన్ నుంచి ఆగస్టు వరకు ఈ జాబితాలో పేరు తప్పుగా మార్చినది దేవిక.' ఇంత పొడుగు ఎవరూ చదవరన్నారు ఎరిక్ గారు. చదవక్కర్లేదు, ఉంటే చాలన్నాను. చెడిన పెట్టె కూడా జాబితాలో చేరాలని పట్టుబట్టాను. సగానికి ఒప్పుకున్నారు, మిగతా సగానికి ఇంకా పోట్లాడుతున్నాను.

నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. నాన్న మీద కూడా ఉంది, అది ఎవరికి రాయను? గోడ మీద నాన్న ఒక్కడే ఉన్నాడు. పక్కన సున్నం తెల్లగా, ఫ్రేమంత మేర, మాయకుండా ఉంది. మా ఆయన ఏదో ఒకటి పెడదామంటాడు. ఇంకా ఏమీ పెట్టలేదు.

1183 ఆ పెట్టెలో ఉంది. మూల కొంచెం విరిగింది. నువ్వు రాసినట్టే పొగలాంటి చార, కొప్పు ఎక్కడో ముక్కు ఎక్కడో తెలియదు. భూతద్దం పెట్టినా కళ్ళు దొరకలేదు. కానీ మిగతాది నువ్వు సరిగ్గా చూడలేదు మావయ్యా. మెడ కిందినుంచి ఏమీ కదల్లేదు. చీర కుచ్చిళ్ళు ఉన్నాయి. గాజులు ఉన్నాయి, కుడిచేతికి ఆరు. ఆ చెయ్యి నా పొట్ట మీద పరుచుకుని ఉంది, చిటికెన వేలు కొంచెం వంకర. నాది కూడా వంకరే. ఎవరూ ఎప్పుడూ నాకు చెప్పలేదు. నేను మాత్రం పైకి చూస్తూ, నోరు తెరుచుకుని, స్పష్టంగా ఉన్నాను. ఆ ముఖం అప్పుడు నాకు కనిపించింది. గుర్తు లేదు, అంతే.

జాబితాలో వివరం రాసే గడి ఉంటుంది. అక్కడ 'కదిలింది' అని రాయాలి, అది మా పద్ధతి. రాసి కొట్టేశాను. చాలాసేపు కూర్చుని ఇలా రాశాను:

1183. అప్పలలక్ష్మి. కూతురి వైపు తిరుగుతోంది.

దేవిక